తల్లి పాలు ఎక్కువ

మూడుసార్లు పెట్టాలమ్మా, ఇరవై నిమిషాలకోసారి, గంటసేపు కదలకూడదు అని చెప్పి సిస్టరు మిషను మీట నొక్కి వెళ్లిపోయింది. ఏంజెలిన్ తలూపింది గానీ ఆ మాట ఎక్కడికీ దిగలేదు. మధ్యాహ్నం మూడున్నరకి మొదలైన గంట నాలుగున్నరకి అయిపోతుంది, స్కూల్లో అయితే రెండో తరగతి తెలుగు, ఆ తర్వాత డ్రిల్లు, ఆ తర్వాత బెల్లు, గంటంటే అంతే కదా. ఒళ్లో నాలుగేళ్ల మణి, మణి మొహం మీద మాస్కు, మాస్కు పక్కల నుంచి తెల్లగా పొగ, పొగ కాదు మందు అని సిస్టరు రెండుసార్లు చెప్పింది, అయినా పొగలాగే ఉంది. పిల్ల వీపు ఆమె గుండెకు ఆనుకుని ఉంది. ఆ వీపు లోపల పిల్లికూతలు, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా, ఎక్కడో తలుపు వెనక నిజంగానే పిల్లి ఉన్నట్టు. ఆనుకున్న చోట అవి తెలియాలి, తెలియడం లేదు. నిన్న పొద్దుటి నుంచి అక్కడ మల్లెపూల దండలు కట్టి ఉన్నాయి, రెండు రొమ్ములకూ చుట్టలు చుట్టి, పైన పాత చీర పేలిక బిగించి, ఆ పైన జాకెట్టు, ఆ పైన ఈ మే నెల ఎండలో కూడా భుజాల చుట్టూ కప్పుకున్న పమిట. నిన్న మధ్యాహ్నం దాకా నొప్పి, సాయంత్రానికి సలుపు, ఈ పొద్దుటికి మొద్దు. పాలు ఇంకుతున్నాయన్నమాట. తలుపవతల బెంచీ మీద అత్త ఎస్తేరమ్మ, ఆమె ఒళ్లో రెండు నెలల బాబు, ఇంకా చర్చిలో పేరైనా పెట్టని బాబు, వాడి నోటికి డబ్బాపాల సీసా. రేపటికి నీకు ఆగిపోతాయి, ఎల్లుండికి ఆడు మర్సిపోతాడు అంది అత్త. వాడు మర్చిపోతాడు, నిజమే, రెండు నెలల వాడికి ఏం గుర్తుంటుంది. మిషను బుర్రున కొట్టుకుంటోంది, గోడ మీద గడియారంలో ముల్లు ఇంకా మూడూ ముప్పై మూడు దగ్గరే ఉంది.

పూలు కట్టడం ఎస్తేరమ్మ పుట్టించిన విద్య కాదు, ఆమెకంటే ముందు ఆమె అత్తకీ తెలుసు, ఈ చుట్టుపక్కల ముసలమ్మల్లో తెలియనిదెవరికి. కాకపోతే ఎస్తేరమ్మకు అది ఉద్యోగం. ముప్పై ఏళ్లు పురుళ్ల ఆస్పత్రిలో ఆయాగా చేసిన మనిషి, సగం నర్సీపట్నానికి మొదటి నీళ్లు పోసింది నా సెయ్యే అంటుంది, అబీద్ సెంటర్‌లో నడిచి వెళుతుంటే మీసాలొచ్చిన మగాళ్లు కూడా ఆగి దండం పెడతారు. బిడ్డ చచ్చి పుట్టినా, పుట్టి పోయినా, తల్లికి పాలు మాత్రం మూడో రోజుకల్లా పడతాయి, పాలకి ఆ కబురు ఎవరు చెబుతారు. తడిసిన జాకెట్టుతో గోడవైపు తిరిగి పడుకున్న అలాంటి తల్లుల కోసం ఎస్తేరమ్మ సాయంత్రం పూట బజారుకెళ్లి తన చేత్తో మల్లెపూలు తెచ్చేది, తన చేత్తో కట్టేది, వాడితే తీసి కొత్తవి కట్టేది, రెండో రోజుకో మూడో రోజుకో పాలు తగ్గేవి, ఆ తల్లి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లేది. ఈ సంగతి ఎస్తేరమ్మే చెప్పింది, మణి కడుపులో ఉండగా, కాళ్లు పడుతూ, ఊసుపోక. అంచేత నాలుగేళ్ల కిందట మణికి నెల తిరక్కుండానే అత్త ఆకు పొట్లంతో గదిలోకి వచ్చినప్పుడు ఏంజెలిన్‌కు ముందు తట్టింది పాల సంగతి కాదు, బిడ్డ పోయిన వాళ్లకు కట్టే పూలు కదా ఇవి అని. పక్కన మణి కాళ్లు ఆడిస్తోంది, గుప్పిళ్లు నోట్లో పెట్టుకుంటోంది. ఏడవలేదు ఏంజెలిన్. రవిక గుండీలు తనే విప్పుకుంది. అత్త బలవంతం చేసిందని ఎవరైనా అంటే అది అబద్ధం, అత్త గుమ్మంలో నిలబడి, నీ ఇష్టం అమ్మీ, పిల్ల నీది అని కూడా అంది. నా ఇష్టమే అనుకుంది తను. మందో విషమో తెలియనప్పుడు ఎవరైనా పిల్ల నోట్లో పోస్తారా, తెలిసి తెలిసి పోస్తారా.

తెలిసిందనే అనుకుంది మరి. చెవులారా విన్న మాట. పురిటి బట్టల్లోని పిల్లను మొదటిసారి పిల్లల డాక్టరు సూర్యప్రకాష్ గారికి చూపించడానికి ఇదే ఆస్పత్రికి, ఆ పక్క గదికే తీసుకొచ్చిన రోజు, బయట అటూ ఇటూ నలభై మంది జనం, ఎవరో ఫినాయిల్ పోసి నేల కడుగుతున్నారు, ఆ ఘాటుకి ఏంజెలిన్‌కు ఆయాసం ఎత్తుకుంది, డాక్టరుగారి ముందే, మాట రాక చేత్తో గాలిని లాక్కుంటూ. ఆయన లేచి వచ్చి తన కుర్చీలోనే కూర్చోబెట్టి మందు పీల్చే పంపు ఇప్పించి, ఎన్నాళ్ల నుంచి, మీ అమ్మకీ ఉండేదా, ఏ మందులు అని అడిగి, తిరిగి కుర్చీలో కూర్చుని చీటీ రాస్తూ, తలెత్తకుండానే, పిల్లలకొచ్చే ఆయాసంలో తల్లి పాలు ఎక్కువమ్మా, కాస్త జాగ్రత్తగా చూసుకోండి అన్నారు. అంతే, తర్వాతి పిల్లాణ్ని పిలిచారు. ఎస్తేరమ్మ పిల్లను భుజాన వేసుకుని, విన్నావు కదా అన్నట్టు ఒక్కసారి కోడలి వైపు చూసింది. గది బయట గోడకి పెద్ద బొమ్మ, పిల్లకు పాలిస్తూ నవ్వుతున్న తల్లి, కింద పెద్దక్షరాలతో తల్లిపాలే బిడ్డకు శ్రీరామరక్ష అని. ఏంజెలిన్ దాని ముందు ఆగిపోయింది, అత్తా, మరి ఇక్కడిలా రాశారేటి అంది. అది ఆయాసం లేనోళ్లకమ్మా అంది ఎస్తేరమ్మ, ఆస్పత్రి గోడ మీద అందరికీ రాస్తారు గానీ నీకోటి నాకోటి రాస్తారేటి. అదీ నిజమే అనిపించింది. బీయీడీ చదివిన తనకి, ఆరో క్లాసు దాటని అత్తకి, ఇద్దరికీ అది నిజమే అనిపించింది, చదువుకీ దానికీ ఏం సంబంధం, భయం ముందు నిలబడితే అందరిదీ ఒకటే క్లాసు.

మాస్కులో తెల్లదనం పలచబడింది, మందు అడుక్కి వచ్చినట్టుంది, గిన్నెలో చిటచిట. మణి తల వెనక్కి వాల్చి తల్లి గడ్డం కింద పెట్టింది, జుట్టులో చెమట వాసన. యలమంచిలిలో తన చిన్నప్పుడు ఇవేవీ లేవు, అమ్మ ఒంటి మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టేది, మిరియాల కషాయం పట్టేది, ఊపిరి అందక మంచం పట్టీ పట్టుకుని వంగి కూర్చుంటే వీపు రాస్తూ ప్రార్థన చేసేది, అమ్మకీ వచ్చేది ఆయాసం, ఒక్కోసారి ఇద్దరూ ఒకరికెదురుగా ఒకరు వంగి కూర్చునేవారు, నాన్న మధ్యలో నిలబడి ఎవరి వీపు రాయాలో తెలియక తలుపు గడియ తీసి వేసి తీసేవాడు. అమ్మ తనకు మూడేళ్లు వచ్చేదాకా పాలిచ్చిందట. ఆ పాలతోనే వచ్చింది కాబోలు. ఆ ఆలోచన వచ్చిన రోజు నుంచి ఏంజెలిన్ అమ్మ ఫొటో వైపు సూటిగా చూడలేకపోయింది, పోయిన మనిషి మీద అంత నేరం మోపడం పాపం, మోపకుండా ఉండటం తన వల్ల కాలేదు. మణికి నాలుగేళ్లు నిండేదాకా జలుబు తప్ప ఏమీ రాలేదు. ఎస్తేరమ్మ చర్చి మెట్ల మీద చెప్పులు విడుస్తూ అందరికీ చెప్పింది, బేగి కనిపెట్టి ఆపీసినాను కాబట్టి బతికింది నా మనవరాలు అని, సాక్ష్యం చెప్పినంత గట్టిగా. ఏంజెలిన్‌కు అది పొగడ్తలాగే వినిపించేది, తన పిల్లను తన నుంచి కాపాడినందుకు. మళ్లీ కడుపు వచ్చింది, బాబు పుట్టాడు, ఈసారి మొదటి రోజే కడతానంది అత్త, మణికేం రాలేదు కదా అత్తా, కొన్నాళ్లు ఉండనీ అని బతిమాలుకుంది తను, సరే అమ్మీ, దినదినమూ సూద్దాం అంది. అలా రెండు నెలలు దొరికాయి. పోయిన గురువారం మణికి జలుబు చేసి, మొదటిసారి, ఈ కూతలు. దాంతో అన్నీ అటు తిరిగాయి. సూసినావా, ఆపినా సరే, ఆ కొద్ది రోజులు తాగిన పాలే ఇన్నాళ్లకి బయటకొచ్చినాయి, ఈడు రెండు నెలల నుంచీ తాగుతున్నాడు, ఈడి సంగతేటి అంది ఎస్తేరమ్మ, అరుపు లేదు, నిందా లేదు, బాబు వీపు నిమురుతోంది పాపం. భర్త ప్రభుకుమార్ నాతవరం నుంచి ఆటో తోలుకుని అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు, అమ్మ సెప్పినట్టు సెయ్యి ఏంజిలీ, ఆవిడకి తెలీనిదా అన్నాడు. నిన్న పొద్దున్న తనే జాకెట్టు విప్పి కూర్చుంది, రెండోసారి కాబట్టి చేతులు వాటంతట అవే కదిలాయి.

సిస్టరు వచ్చింది, వెంకటదుర్గ అని జేబు మీద రాసుంది, సన్నటి మనిషి, మాస్కు తీసి గిన్నెలో కొత్త మందు వేస్తూ ఆగి ముక్కు ఎగబీల్చింది. ఎవరు పూలు పెట్టుకున్నారు, ఆయాసం పిల్లల గదమ్మా ఇది, మల్లెపూల వాసన పడదు కొంతమందికి అంది. గదిలో ఇంకో మంచం ఖాళీ, ఇంకెవరూ లేరు. ఏంజెలిన్ బోసి జడ ముందుకు వేసి చూపించింది, లేవండీ అంది. అబద్ధం కాదు, జడలో లేవు. సిస్టరు కిటికీ తలుపు తోసి, మణి వీపు మీద చెయ్యి పెట్టి చూసి, నిన్నటి కంటే ఈ రోజు ఎక్కువైందా అంది. ఎక్కువైందండి. పిల్ల ఎక్కడ పడుకుంటాది? నా దగ్గరేనండి, నా మీదే. సిస్టరు మీట నొక్కి రెండోసారి అని రెండు వేళ్లు చూపించి వెళ్లిపోయింది. నా మీదే అన్న మాట మాత్రం గదిలో ఉండిపోయింది. నిన్నంతా పిల్ల ఈ పూల మీదే పడుకుంది, ఏడిస్తే దగ్గరికి లాక్కుంది తను, ఇంకా గట్టిగా ఏడిస్తే ఇంకా దగ్గరికి. తనకీ ఛాతీ పట్టేసినట్టే ఉంది పొద్దుటి నుంచి, గోరుచుట్టు మీద రోకటిపోటు, బ్యాగులో మణి పెన్సిలు డబ్బా, డబ్బాలో రంగు పెన్సిళ్ల మధ్య తన పంపు, అత్త చూస్తే ఆ మందూ పాలల్లోకి ఎల్లిపోద్ది అంటుందని అక్కడ దాచుకుంది. తీసింది, ఒకసారి పీల్చింది, పది అంకెలు లెక్కపెట్టింది, ఇంకోసారి పీల్చింది. ఇప్పుడు దాచడం దేనికి, పాలే లేనప్పుడు. పిల్లా తల్లీ ఇద్దరూ మందు పీలుస్తూ కూర్చున్నారు, ఎదురుగా నాన్న లేడు, గడియ లేదు, అంతే తేడా.

బయట బాబు ఏడుస్తున్నాడు. సీసా పీక నోట్లో పెట్టుకోవడం లేదు, తల తిప్పేస్తున్నాడు, అత్త జో కొడుతూ ఏదో కీర్తన సణుగుతోంది. ఆ ఏడుపుకి మొన్నటి దాకా అయితే ఒంట్లో ఏదో జారేది, అడక్కుండానే, జాకెట్టు తడిసిపోయేది, చర్చిలో ఎవరి పిల్లో ఏడ్చినా సరే, సిగ్గుపడి పాటల పుస్తకం అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు వింటోంది, వింటోంది, ఏమీ జారడం లేదు. పక్కింటి వాళ్ల టీవీలో ఏడుపు విన్నట్టు వింటోంది. బాగా పనిచేశాయి అత్త పూలు అనుకుంది, అనుకుని, ఇలా అనుకోగలిగినందుకు కొంచెం ఆశ్చర్యపోయింది, అది కూడా పైపైనే.

సూర్యప్రకాష్ గారు వచ్చారు, నాలుగేళ్లకి జుట్టు ఇంకా పలచబడింది, నాతవరం వైపు రైతుల ఇంటి మనిషి, ఎంత చదివినా మాటలో మడి గట్టు ఎక్కడో ఒకచోట తగులుతుంది. వెనకే ఎస్తేరమ్మ, డాక్టరు వస్తే ఎక్కడున్నా లేచి వెంట నడవడం ముప్పై ఏళ్ల అలవాటు, భుజాన ఏడుస్తున్న బాబు. ఆయన మణి వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నారు, తగ్గుతోందమ్మా, మూడోది కూడా పెడదాం అన్నారు. చీటీ తిప్పి చూశారు. నీకు ఆయాసం ఉంది కదూ. ఉందండి. వీళ్ల నాన్నకి? లేదండి అంది ఏంజెలిన్. వాళ్ల వైపు ఎవరికైనా? లేదండి. ఎస్తేరమ్మ బాబును ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. అబద్ధం ఎవరి దగ్గరైనా ఆడగలదేమో గానీ తెల్లకోటు ముందు ఆడలేదు ఆవిడ.

"మావోడికి సిన్నప్పుడు పిల్లికూతలు ఉండీవండి" అంది నేల వైపు చూస్తూ. "ఎనిమిదో ఏట పోనాయి. మళ్లీ రానేదు. పెళ్లప్పుడు అదో లోటని ఎవరికీ సెప్పనేదు."

"అయితే తండ్రి పాలూ ఉంది" అన్నారు డాక్టరుగారు, రాసుకుంటూ.

తండ్రి పాలు. ఏంజెలిన్‌కు ముందు నవ్వొచ్చింది, నిజంగానే, పెదవి దాకా వచ్చింది, తండ్రికి పాలేమిటి, ఖాకీ చొక్కాలో ప్రభుకుమార్, ఆటో హారను, అతనికి పాలు. పాలూ ఉంది. ఉంది అన్నారు. ఉన్నాయి అనలేదు. రెండో తరగతి పిల్లలకి ప్రతి ఏడూ జూలైలో తను చెప్పే పాఠం, పాలు నీళ్లు ఎప్పుడూ బహువచనమే, పాలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, పాలు ఉంది అని రాసిన ప్రతి వెధవ నోటుబుక్కులోనూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన చెయ్యి ఇది. డాక్టరుగారికి ఆ మాత్రం తెలుగు రాదా. వచ్చు. పాలు ఉంది అనే పాలు ఇంకొకటి ఉంది. పొలం పాలుకిచ్చాం అంటారే, ఆ పాలు. అన్నదమ్ములు పంచుకుంటే తలా ఒక పాలు. తనకది కొత్త మాట కాదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చర్చిలో నెలకోసారి వింటున్న మాట, ప్రభువు బల్లలో పాలు పొందుదుము గాక అని, ఆరేళ్లప్పుడు ఆ మాట పట్టుకుని ఇంటి నుంచి స్టీలు గ్లాసు తీసుకెళ్లి అమ్మ పక్కన కూర్చుంది, పాలు పోస్తారని, చిన్న గిన్నెల్లో ఎర్రటి ద్రాక్షరసం వస్తే, పాలేవీ అని పైకే అడిగింది, సామ్యేలు పాస్టరుగారికి కూడా నవ్వాగలేదు. అమ్మ ఇంటికొచ్చాక చెప్పింది, పాలంటే వంతే పిచ్చిదానా. చెప్పింది, ఆరేళ్లకే చెప్పింది. పిల్లలకొచ్చే ఆయాసంలో తల్లి వంతు ఎక్కువ. ఎక్కువ అన్న మాట దగ్గర ఆపేశారు ఆయన ఆ రోజు, ఉంది అనీ లేదు, ఉన్నాయి అనీ లేదు, ఒక్క క్రియ పెట్టి ఉంటే. ముప్పై ఏళ్లు పురుళ్ల వార్డులో తిరిగిన ఆవిడకి పాలంటే పాలే, ఇంకేం తోస్తుంది. మరి తనకి? తను తెలుగు టీచరు కదా. తనకు ఎందుకు తోచలేదు?

"అయ్యా" అంది. గొంతు తనది కానట్టు మామూలుగా ఉంది. "పాలంటే ఏ పాలండీ?"

ఆయనకు అర్థం కాలేదు. "వాటా అమ్మా. పిల్లకి వచ్చినదాంట్లో నీ వైపు నుంచి కొంత, ఆయన వైపు నుంచి కొంత. నీదే ఎక్కువనుకో. ఎందుకలా అడిగావు?"

"తాగే పాలు కాదాండీ."

ఆయన కలం ఆగింది. ఆయన ఆమెను చూశారు, ఎస్తేరమ్మను చూశారు, ఏడుస్తున్న బాబునీ వాడి నోటి పక్కన ఎండిన డబ్బాపాల చారనీ చూశారు, కిటికీ తెరిచినా పోని వాసన వైపు మొహం తిప్పారు. నర్సీపట్నంలో పాతికేళ్లుగా వైద్యం చేస్తున్న మనిషి, ఆ పూల సంగతి ఆయనకు తెలియనిదా. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎప్పటి నుంచి కట్టారు" అన్నారు, కోప్పడలేదు. నిన్నటి నుంచండి. "అయితే వస్తాయి, తీసేసి బాబుకి పట్టు, పడుతూనే ఉండు. పాలల్లోంచి ఆయాసం పిల్లలకి రాదమ్మా. పాలిస్తే వీడికి అసలు రాదని కూడా నేను మాటివ్వలేను, పుట్టుకతో వచ్చేది వస్తుంది. జలుబూ దగ్గూ తక్కువ, చిన్నప్పుడు ఈ కూతలూ తక్కువ, అంతమటుకు చెప్పగలను. నీ పంపు మాత్రం మానకు, పాలిస్తూ వాడొచ్చు." ఏంజెలిన్ అన్నీ వింది. ఒకటే అడిగింది, దీనికి ఇచ్చి ఉంటే, అని మణి తల మీద చెయ్యి వేసి. వచ్చేదేమో, రాకపోయేదేమో, అది ఎవరూ చెప్పలేరమ్మా అన్నారు. తప్పు నాదేనమ్మా, మీకు తెలిసేలా చెప్పలేదు అని కూడా అన్నారు, లేచేముందు, మెల్లగా. పెద్దమనిషి. ఆయన మీద కోపం రావాలి, అత్త మీద రావాలి, తన మీద రావాలి, ఏంజెలిన్ వాటి కోసం కాసేపు చూసింది, ఏదీ రాలేదు. దీనికి ఆయాసం వచ్చేదే అనుకో, వచ్చినా పాలు తాగిన పిల్లకి వచ్చేది అనుకుంది. అది కూడా పాఠం చదివినట్టే అనుకుంది.

సిస్టరు వెంకటదుర్గ మణిని తన ఒళ్లోకి తీసుకుని మూడోసారి మందు పెట్టింది, మీరెళ్లి రండమ్మా అంది. బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని ఏంజెలిన్ పేలిక ముడి విప్పింది, ముడి తడిసి బిగుసుకుపోయి గోళ్లు నొప్పెట్టాయి. పూలు ఎర్రగా కమిలి చర్మానికి అతుక్కుని ఉన్నాయి, ఒక్కొక్కటే ఊడదీసింది, దారం పడిన చోటల్లా గాట్లు. కుళాయి కింద దోసిలితో నీళ్లు పోసుకుని కడుక్కుంది, రెండుసార్లు, మూడుసార్లు, సబ్బు లేదు, ఆ నీళ్ల చల్లదనం కూడా ఎక్కడో దూరంగా తెలిసింది. తిరిగి వచ్చేసరికి ఎస్తేరమ్మ ఖాళీ మంచం మీద కూర్చుని ఉంది. ఆస్పత్రిలో డాక్టరు తిరిగే వేళ ఆమె మంచం మీద కూర్చోవడం కోడలు ఎన్నడూ చూడలేదు. వాటా అంటోంది పైకే, వాటా, వాటా, కొత్త మందు పేరు నోటికి పట్టిస్తున్నట్టు. ఏంజెలిన్ చేతులు చాచింది. అత్త బాబును ఇచ్చింది, ఇచ్చి చేతులు అలాగే ఒళ్లో పెట్టుకుని ఉండిపోయింది.

"ఎంతమందికి కట్టినాను ఏంజిలీ" అంది. "ఆళ్లందరూ పిల్లలు పోయినోళ్లే. నీ ఒక్కదానికే..."

కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏంజెలిన్ బాబును పట్టుకుంది. వాడు నోరు పెట్టాడు, వాసనకి తల తిప్పాడు, ఏడ్చాడు, మళ్లీ పెట్టాడు, లాగాడు, ఏమీ రాలేదు, వదిలేసి మొహం నల్లబడేలా కోపంగా ఏడ్చాడు. మళ్లీ పెట్టింది. రెండో వైపు పెట్టింది. కింద రోడ్డు మీద ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు వెళ్లే బస్సు హారను కొడుతోంది, ఎవరో పుచ్చకాయలు అరిచి అమ్ముతున్నారు, వాడు లాగుతున్నాడు, తనకు లాగడం తెలుస్తోంది, అంత వరకే. రాకపోతే? రాకపోతే రావు, ఒకటిన్నర రోజుకే ఎండిపోయాయని రేపు అందరికీ చెప్పుకోవచ్చు. వాడు ఇంకా లాగుతున్నాడు, చిన్న గుప్పిడి ఆమె ఎముక మీద కొడుతోంది, వదలడం లేదు, ఎక్కడి మొండితనమో వీడికి. అప్పుడు చంక దగ్గర మొదలై ఒక్కసారిగా జివ్వుమంది, సూదులు గుచ్చినట్టు, కళ్లు మూసుకుంది, వాడి గొంతు గుటకేసింది. ఒక గుటక. ఇంకొకటి. సిస్టరు ఒళ్లోంచి మణి చూస్తోంది, మాస్కు మీద నుంచి రెండు కళ్లు, చాలాసేపటి నుంచే చూస్తున్నట్టుంది. చేత్తో మాస్కు కిందకి లాగేసింది, సిస్టరు వద్దంటున్నా.

"అమ్మా, నేనూ తాగినానా?"

మంచం మీద ఎస్తేరమ్మ ఏదో అనబోయి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తాగినావు."

"ఎన్నాళ్లు?"

"ఇరవై మూడు రోజులు."

మణికి ఇరవై దాకానే వచ్చు, ఎల్కేజీలో అంతే చెప్పారు. ఆ పైన ఉన్నదాన్ని కొలవడానికి తన చేతి వేళ్లు చూసుకుంది, కాళ్ల వేళ్లు చూసుకుంది.

"అంటే సానానా అమ్మా?"

సానా అనే చెప్పాలి. ఏ పిల్ల అడిగినా, ఏ తల్లయినా ఆ మాటే చెబుతుంది, స్కూల్లో అయితే తను రోజుకు పదిమందికి చెబుతుంది, చాలా బాగా రాశావు, చాలా ఉన్నాయి అని. ఒళ్లో వాడు గుటకలు వేస్తున్నాడు, వాడికి తీరిక లేదు. పిల్ల వేళ్లు చాపుకుని జవాబు కోసం చూస్తోంది.

"కాదమ్మా" అంది ఏంజెలిన్. "సానా కాదు."

ఆ మాట తన నోటి నుంచి తన చెవినే పడ్డాక ఆమెకు ఏడుపు వచ్చింది, అత్త ముందు, సిస్టరు ముందు, పిల్ల ముందు, ఆపుకోలేదు.